నూగుకి ఎదురుగా

ఈ ఆటలో ఉన్నంత దుర్మార్గం ఇంకే ఆటలోనూ ఉండదని చిట్టి చాలాసార్లు అనుకుంది. ఇప్పుడు ఇంకోసారి అనుకుంటోంది. వేరే ఆటల్లో ఎదుటివాడు కొడితే తిరిగి కొట్టవచ్చు, పరిగెత్తవచ్చు, ఏదీ కాకపోతే అడ్డంగా నిలబడనైనా నిలబడవచ్చు. స్నూకర్లో ఆ పప్పులేవీ ఉడకవు. అవతలి మనిషి బంతులు వేస్తున్నంతసేపూ గోడవార కుర్చీలో కుక్కిన పేనులా పడి ఉండాలి. గ్లాసులో నీళ్ళు తాగవచ్చు, తువ్వాలుతో క్యూ కర్ర తుడుచుకోవచ్చు, అంతే. కాలు ఊపకూడదు, నిట్టూర్చకూడదు. మన గొంతు కోస్తున్నా మర్యాదగా చూస్తూ కూర్చోవాలి, బాగా కోశాడనిపిస్తే వేలితో కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టి మెచ్చుకోవాలి కూడా! పన్నెండేళ్ళ నుంచి ఆడుతోంది, టేబుల్ దగ్గర నిలబడిన కాలం ఎంతో ఈ కుర్చీల్లో కూర్చున్న కాలమూ అంతే. నిలబడడం టీచరు నేర్పించింది. కూర్చోవడం ఎవరూ నేర్పించలేదు.

నాలుగూ నాలుగూ. ఇది తొమ్మిదో ఫ్రేమ్, ఆఖరిది. గెలిచినవాళ్ళకి రెండేళ్ళు ప్రొఫెషనల్ కార్డు. ఓడినవాళ్ళు ఇంటికి పోయి వచ్చే ఏడాది మళ్ళీ ఇదే హాల్లో, ఇదే నల్ల తెరల మధ్య, ఇలాంటి కుర్చీలోనే కూర్చోవాలి. టేబుల్ మీద ఎర్ర బంతులన్నీ అయిపోయాయి. పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలం, పింక్, నలుపు, ఆ ఆరే మిగిలాయి, అదే వరసలో పడాలి, రెండు పాయింట్ల నుంచి ఏడు దాకా. చిట్టి పదహారు పాయింట్లు ముందుంది. ఆరూ కలిపితే ఇరవై ఏడు. అంటే ఆయన గెలవాలంటే ఆరింటికి ఆరూ వెయ్యాలి. వెయ్యలేడా? వేస్తాడు. పదేళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడినవాడు, నిరుడు ర్యాంకు పడిపోయి జాబితాలోంచి జారిపోయినవాడు, ఎక్కిన మెట్టే మళ్ళీ ఎక్కడానికి వచ్చినవాడు. చిట్టి మనసులో ఆయన్ని మాజీ అని పిలుచుకుంటోంది. ప్రతి దెబ్బకీ ముందు చిన్నగా దగ్గుతాడు, టేబుల్ చుట్టూ ఒకసారి తిరుగుతాడు, చాక్ రాస్తాడు, మళ్ళీ తిరుగుతాడు. ఈలోపు ఒకరు పెళ్ళి చేసుకుని పిల్లల్ని కనవచ్చు. అసలు పసుపు తను వెయ్యాల్సింది కదా, అరచేతిలో పెట్టినట్టున్న పసుపు, దాన్ని తప్పించి ఆయన చేతికి అప్పగించి వచ్చి కూర్చుంది. ఎవర్ని అనుకుని ఏం లాభం? దగ్గు వినిపించింది. పసుపు పడింది. తేడా పద్నాలుగు.

తెర పక్కన నాన్న వీపు కనిపిస్తోంది. ముఖం కాదు, వీపే. చిట్టి ఆడే ఆట నాన్న ఎప్పుడూ చూడడు. అటు తిరిగి నిలబడి వింటాడు. బంతి పాకెట్లో పడిన చప్పుడు, అంచుకి కొట్టుకుని తిరిగొచ్చిన చప్పుడు, ఆ తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, అవి చాలు ఆయనకి స్కోరు చెప్పడానికి. చంకలో పొడుగాటి బ్రష్షు ఉంది. ఈ హాల్లో ఎనిమిది టేబుళ్ళు బిగించడానికి వచ్చిన నలుగురు మేస్త్రుల్లో నాన్న ఒకడు. పలకలు పేర్చి, మట్టం చూసి, గుడ్డ లాగి బిగించి, ఆటకీ ఆటకీ మధ్య బ్రష్షు కొట్టి ఇస్త్రీ చెయ్యడం పని. ఈ నాలుగో టేబుల్ మీద గుడ్డ వేసింది నాన్నే. ఎవరు ఏ టేబుల్ మీద ఆడాలో పొద్దున తేలింది, అప్పటికి గుడ్డ వేసి మూడు రోజులు. పొద్దున టీ దగ్గర ఒకడు గట్టిగానే అన్నాడు, చిట్టి ఎవరో తెలియక కాదు, తెలిసే: "నాలుగో టేబుల్ ఉల్టా మేస్త్రిదట, చూసుకుని ఆడండి బాబూ." నలుగురు నవ్వారు. మాజీ నవ్వలేదు, టీ గ్లాసు పట్టుకుని టేబుల్ వంక చూశాడు. నాన్న కూడా అక్కడే ఉన్నాడు, చక్కెర కలుపుకుంటూ. ఎంతసేపు కలిపాడో! ఆ చక్కెర ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

ఉల్టా మేస్త్రి. ఆ పేరు వచ్చి పద్నాలుగేళ్ళు. స్నూకర్ టేబుల్ మీద వేసే గుడ్డ ఉన్నిది, దానికి లేత బెండకాయ మీద ఉండేలాంటి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే అరచేతికి గరగరలాడుతుంది. ఆ నూగు ఎప్పుడూ నల్లబంతి ఉండే కొస వైపుకే వాలి ఉండాలి, లోకంలో ఏ టేబుల్ అయినా అంతే. గట్టిగా కొట్టిన బంతి నూగుని లెక్కచెయ్యదు. మెల్లగా పోయే బంతి మాత్రం చివర్లో, ఓపిక అయిపోయినప్పుడు, నూగు చెప్పిన మాట వింటుంది. అది ఎటు వాలితే అటు వేలెడు జారుతుంది. మధ్య పాకెట్లో వెయ్యాలనుకున్న బంతి వేలెడు జారితే చాలు, కొంప మునిగినట్టే. అలాంటిది నాన్న ఒకసారి, చిట్టికి ఐదేళ్ళప్పుడు, క్లబ్బులో మూల టేబుల్ మీద గుడ్డ తిరగేసి వేశాడు. నూగు అటుది ఇటైంది. సాయంత్రం పోటీకి వచ్చినవాళ్ళు రెండు బంతులు మెల్లగా దొర్లించి చూసి పొట్ట పట్టుకుని నవ్వారట. ఓనరు నవ్వలేదు. "కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడట. గుడ్డ మళ్ళీ కొనడం దండగన్నాడు, దాన్ని అలాగే వదిలేశాడు. ఆ మూలకి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఎవరికీ పనికిరాలేదు కాబట్టి అది చిట్టికి పనికొచ్చింది.

అబ్బ, ఎంత బాగుండేది ఆ మూల! ఏడేళ్ళ పిల్ల, కాళ్ళ కింద సోడా పెట్టె వేసుకుని, నాన్న విరిగిన కర్ర చివర చెక్కి తయారుచేసిన పొట్టి క్యూ పట్టుకుని, స్కూలు నుంచి వచ్చి చీకటి పడేదాకా ఒక్కతే ఆడేది. అమ్మ వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళేదాకా ఆడేది. "బంతుల్ని కన్నాల్లో వేసే చదువేమిటే, రేపు అవి అన్నం పెడతాయా?" అని నాయనమ్మ అనేది, మళ్ళీ తనే రాత్రి మంచం మీద కూర్చుని "ఇవాళ ఎన్ని వేశావు?" అని అడిగేది. ఆ టేబుల్ మీద బంతి ఎలా పోతుందో చిట్టికి కళ్ళు మూసుకున్నా తెలుసు. మధ్య పాకెట్‌కి మెల్లగా వదిలితే అటు జారుతుంది, కాబట్టి కాస్త ఇటు చూసి వదలాలి. అదే లోకం అనుకుంది. ఏడేళ్ళపాటు చెయ్యి ఆ పాఠమే నేర్చుకుంది. పద్నాలుగో ఏట మొదటిసారి బయట పోటీకి వెళ్తే మెల్లగా వదిలిన ప్రతి బంతీ పాకెట్ అంచుకి తగిలి తిరిగొచ్చింది. ఏడవలేదు కానీ, బంతుల మీద కోపం వచ్చింది, అవి తనని మోసం చేసినట్టు. మాజీ మళ్ళీ దగ్గుతున్నాడు. ఆకుపచ్చ బంతి మూల పాకెట్లోకి వెళ్ళింది, చప్పుడు కూడా చెయ్యకుండా, దొంగలా. పదకొండు.

ఆ పోటీలోనే లెక్కల టీచరు కనిపించింది. నిజంగానే స్కూల్లో లెక్కలు చెప్పేది, సాయంత్రాలు పిల్లలకి స్నూకర్ నేర్పేది, ఒకప్పుడు తనూ ఆడింది. చిట్టి ఆట కాసేపు చూసి దగ్గరికొచ్చి, "అద్దంలో చూస్తూ తల దువ్వుకున్నట్టు ఆడుతున్నావేమిటే? ఎవరు నేర్పారు?" అంది. సంగతి విని నవ్వలేదు, అందుకే చిట్టి ఆమె వెంట పడింది. రోజుకి మూడొందలసార్లు, నూగుకి ఎదురుగా, మెల్లగా, మధ్య పాకెట్‌కి. ఎండాకాలం సెలవులు రెండు అలాగే గడిచాయి. "నీ బుర్ర మారింది. చెయ్యి మారలేదు," అనేది టీచరు. "మామూలప్పుడు చెయ్యి బుర్ర మాట వింటుంది. భయం వేసిందనుకో, పుట్టింటికి పోయి కూర్చుంటుంది. గుర్తుపెట్టుకో." చిట్టి గుర్తుపెట్టుకుంది. ఏం ప్రయోజనం? గుర్తు ఉండేది బుర్రలోనే కదా. చేతికి వేరే ఎవరు చెప్తారు?

నిరుడు ఇదే హాలు. చివరి ఆటకి ముందరి ఆట, చివరి ఫ్రేమ్. గోధుమ బంతి, మధ్య పాకెట్, మెల్లగా, నూగుకి ఎదురుగా. బుర్ర ఒకటి చెప్పింది, చెయ్యి పుట్టింటికి పోయింది. బంతి అంచుకి తగిలి, పాకెట్ నోట్లోకి తొంగిచూసి, నాకేం పని అన్నట్టు బయటికి వచ్చి కూర్చుంది. ఇప్పటికీ నిద్రలో ఆ బంతి కనిపిస్తుంది. కానీ చిట్టికి నిద్రపట్టనిది ఆ బంతి వల్ల కాదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక జరిగిన దానివల్ల. అమ్మ పళ్ళెం ముందు పెట్టింది, నాన్న ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టాడు, "పోనీలేమ్మా, వచ్చే ఏడు" అనో ఏదో. చిట్టి పళ్ళెం తోసేసి అంది, "నువ్వు ఆ గుడ్డ తిరగేసి వేసిన రోజే నా రాత తిరగబడింది నాన్నా. నీ చేతిపని నా చేతికి అంటుకుంది." అమ్మ ఠక్కున తలెత్తింది. నాన్న మాత్రం "ఔనమ్మా," అన్నాడు. అంతే. ఔనమ్మా. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది.

ఎందుకంటే అది అబద్ధం. అబద్ధమని చిట్టికి తెలుసు, తెలిసి తెలిసీ అంది. పదహారేళ్ళప్పుడు తెలిసింది. టీచరు క్లబ్బులో గుడ్డ మారుస్తుంటే చూస్తూ కూర్చుంది. ఎవరో వేరే మేస్త్రి, గుడ్డ బోర్లా పరిచి, అరచేత్తో నిమిరి చూసి, వెనకవైపు కొసన సుద్దముక్కతో ఒక బాణం గీశాడు. "అదేమిటి?" అని అడిగింది. "నూగు ఎటు వాలిందో గుర్తు పాపా. వెల్లకిలా తిప్పి లాగేటప్పుడు కంగారులో మర్చిపోకుండా," అన్నాడు ఆయన. ఎప్పుడో అడుగున పడిపోయిన మధ్యాహ్నం ఒకటి పైకి వచ్చింది: మూల టేబుల్, సగానికి మడిచిన పచ్చ గుడ్డ, ఉన్ని వాసన, సుద్ద పొడి. నాన్న కొసన ఏదో గీసి, గుడ్డ మడిచి, ఓనరు పిలిస్తే లోపలికి వెళ్ళాడు. పనిపెట్టెలో సుద్దముక్క ఉంది. నాన్న గీసినట్టే తనూ గీయాలి. మడత మీద, పైకి కనిపిస్తున్న రెండో కొసన, నాలుక బయటపెట్టి, ఎంత శ్రద్ధగా గీసిందో, నూగుకి సరిగ్గా వ్యతిరేక దిక్కుకి! నాన్న చాలాసేపటికి వచ్చాడు. పోటీకి టైమవుతోందని ఓనరు వెనకాలే తిడుతూ వచ్చాడు. నాన్న కళ్ళకి పైనున్న బాణమే కనబడింది. మేస్త్రి తన గుర్తుని తను నమ్మడా? నమ్మాడు. ఆ బాణం ప్రకారమే లాగి బిగించాడు. పద్నాలుగేళ్ళ పాటు ఉల్టా మేస్త్రి అయ్యాడు. ఆ రోజు నుంచి నాన్న బాణం గీయడం మానేశాడు. కళ్ళు మూసుకుని మూడుసార్లు నిమురుతాడు, అంతే, గుర్తులూ గిర్తులూ లేవు. తప్పు తనదే అనుకున్నాడు పాపం, తన చెయ్యే తప్పు గీసిందని.

పదహారేళ్ళప్పుడు ఎందుకు చెప్పలేదు? రేపు చెబుదాం అనుకుంది. తర్వాత పరీక్షలన్నారు, తర్వాత నాయనమ్మ పోయింది, ఆ తర్వాత చెప్పని మాట వాడని క్యూలా గోడకి ఆనుకుని ఉండిపోయింది, దాని పక్కనుంచే రోజూ తిరగడం అలవాటైపోయింది. చెబితే ఏమవుతుంది, నాన్న నవ్వేస్తాడు, ఐదేళ్ళ పిల్ల చేసిన దానికి ఎవరు ఏమంటారు! చిన్నప్పుడు చేసిన దానికి కాదు సిగ్గు. నిరుడు అన్న మాటకి. ఇప్పుడు నిజం చెప్పాలంటే ఆ మాటని కూడా పట్టుకుని బయటికి లాగాలి. ఇవాళ చెప్పేస్తాను. గెలిచినా ఓడినా చెప్పేస్తాను. ఈయన గోధుమ తప్పిస్తే ఇప్పుడే, ఆట అయిన మరుక్షణమే. ఛీ, ఏమిటిది, సంతలో బేరం ఆడుతున్నట్టు! దేవుడు కూడా నవ్వుతాడు. గెలిస్తే చెప్పడం సులువు, గెలిచినవాళ్ళ తప్పులు ముద్దుగా ఉంటాయి. ఓడిపోయి చెప్పాలి, అదీ చెప్పడమంటే. దగ్గు. గోధుమ పడింది, క్యూతో కొట్టే తెల్లబంతి కూడా చక్కగా నీలం వెనక్కి వెళ్ళి నిలబడింది. ఏడు. చిట్టి వేలితో కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అద్భుతంగా వేశాడు.

వెయిస్టుకోటు బిగుతుగా ఉందేమిటి ఇవాళ! అమ్మ కుట్టింది. కొన్నవి భుజాల దగ్గర పట్టేస్తున్నాయని చెబితే పాత కోటు ఒకటి విప్పదీసి కొలతలు నేర్చుకుని కుట్టింది. కుట్టేటప్పుడు దారం కొరుకుతూ, "నవ్విన నాపచేనే పండుతుంది, చూస్తూ ఉండు," అంది. చిట్టి గురించి అనలేదది, నాన్న గురించి. అమ్మకి ఆ పేరంటే ఒళ్ళు మంట. మార్కెట్లో ఎవరో "ఉల్టా మేస్త్రి భార్య" అన్నారని కూరలు కొనకుండా సంచీ దులుపుకుని వచ్చేసింది ఒకసారి. ఆ పేరు పోవాలని అమ్మ, ఆ పేరు మోయడం అలవాటైన నాన్న, ఆ పేరు పెట్టించిన తను. ముగ్గురూ ఒకే చోట కూర్చుని తిన్నారు ఇన్నేళ్ళూ. మాజీ నీలం చుట్టూ తిరుగుతున్నాడు. పొద్దున చేతులు కలిపినప్పుడు ఆయన అరచెయ్యి చెమటతో తడిసి ఉంది, తనదీ అంతే. అంతకుముందు వరండాలో ఫోనులో "ఓడినా గెలిచినా సాయంత్రానికి వచ్చేస్తానురా కన్నా" అంటుంటే వింది. ఆయనకి కూడా ఒక ఇల్లుంది, అక్కడా ఎవరో అటు తిరిగి నిలబడి ఉంటారు. ఇలాంటివి వినకూడదు, విన్నాక మనిషిని ఓడించాలంటే చెయ్యి రాదు. నీలం పడింది. రెండు.

రెండే రెండు పాయింట్ల తేడా. పింక్, నలుపు మిగిలాయి. ఆయన రెండూ వేస్తే అయిపోయింది. పింక్ తన చోట లేదు, ఇందాక ఎర్ర బంతులు చెదిరినప్పుడు నలుపు వైపుకి జరిగి కూర్చుంది. మూల పాకెట్‌కి మెల్లగా వదలాల్సిన బంతి అది. చిట్టికే కాదు, ఎవరికైనా తెలుస్తుంది. మెల్లగా వదిలితే తెల్లబంతి నలుపు పక్కనే ఆగుతుంది, రెండోది కూడా పడుతుంది. మాజీ వంగాడు. లేచాడు. టేబుల్ మీది గుడ్డ వంక చూశాడు, పొద్దున టీ గ్లాసు పట్టుకుని చూసిన చూపే. చిట్టికి అర్థమైపోయింది. ఆయనకి ఆ జోకు గుర్తొచ్చింది. నాలుగో టేబుల్, ఉల్టా మేస్త్రిది. మెల్లగా వదిలితే ఎటు జారుతుందో! నాలుగు గంటల నుంచి ఇదే గుడ్డ మీద ఆడుతున్నాడు, ఒక్క బంతి తప్పు పోలేదు, అయినా అనుమానానికి నాలుగు గంటలు ఒక లెక్కా? మళ్ళీ వంగాడు. దగ్గాడు. గట్టిగా కొట్టాడు. పింక్ పాకెట్ రెండు అంచులకీ టకటకా కొట్టుకుని బయటికి దొర్లింది. తెల్లబంతి తిరిగి తిరిగి నలుపు వైపు గట్టు కుషన్‌కి అతుక్కుని ఆగింది. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. నాన్న వీపు కాస్త కదిలింది. నాన్న మీద పడిన నింద ఇప్పుడు తనకి అక్కరకొచ్చిందా? గెలుపు కూడా ఆ అబద్ధం చేతిమీదుగానే రావాలా? చిట్టి లేచింది. ఎంతసేపు కూర్చుందో, మోకాళ్ళు పట్టేశాయి.

పింక్ పడితే ఆట అయిపోయినట్టే. ఆరు కలిస్తే తేడా ఎనిమిది, మిగిలిన నలుపుకి ఏడే. కానీ ఎక్కడుందది? తెల్లబంతి కుషన్‌కి అతుక్కుని ఉంది, దాని నెత్తి మీద తప్ప ఇంకెక్కడా కొట్టడానికి లేదు. దాని ఎదుట పింక్, ఆ రెండిటి వరసలోనే దూరంగా మధ్య పాకెట్. నెత్తి మీద కొట్టిన బంతి ముందుకే పోతుంది. గట్టిగా కొడితే పింక్ వెనకాలే తెల్లబంతి కూడా పాకెట్లో దూకుతుంది, ఫౌలు, ఆట ఆయన చేతికి పోతుంది. కాబట్టి మెల్లగానే వదలాలి. మెల్లగా, నూగుకి ఎదురుగా, మధ్య పాకెట్‌కి. లోకంలో ఇన్ని బంతులుండగా ఇదే రావాలా! లేదంటే పింక్‌ని వెయ్యకుండా, ఆయనకీ అందని చోట దాచిపెట్టి వదలవచ్చు. దాచడంలో ఆయన తాత. మళ్ళీ కుర్చీ. ఆ కుర్చీలోకి మాత్రం తను ఇంక వెళ్ళదు. కుడిచేతి వేళ్ళు అప్పుడే పుట్టింటి దారి పట్టాయి, తెలుస్తూనే ఉంది, ఇటు చూడు, ఇటు చూడు అంటున్నాయి, సోడా పెట్టె మీద నిలబడిన పిల్ల వేళ్ళు. బుర్ర అటు అంటోంది. ఎవరి మాట వినాలి?

చిట్టి మధ్య పాకెట్ దగ్గరికి నడిచింది. రిఫరీ చూస్తున్నాడు, బంతికి తగలనంతవరకు తప్పులేదు. పాకెట్ నోటి ముందు అరచెయ్యి ఆనించింది. కళ్ళు మూసుకుంది. నలుపు వైపుకి నిమిరింది, నున్నగా జారింది. వెనక్కి నిమిరింది, గరగరలాడింది. ఇంకోసారి. ఇంకోసారి. ఇది నాన్న వేసిన గుడ్డ. ఈ హాల్లో ఉన్న వందమందిలో ఈ గుడ్డ మీద రవ్వంత అనుమానం కూడా లేనిది తనకొక్కదానికే, ఎందుకంటే నాన్న ఎప్పుడూ ఒక్క గుడ్డ కూడా తప్పు వెయ్యలేదు. తనకి తెలుసు, సాక్ష్యం తనే. ఇన్నాళ్ళూ బుర్ర చెబితే వినని చేతికి ఇప్పుడు గుడ్డే చెప్పింది, చేతికి అర్థమయ్యే భాషలో. పింక్ చివర్లో నలుపు వైపుకి జారుతుంది. కాబట్టి అవతలి అంచు వైపు చూసి వదలాలి. తిరిగి వచ్చి వంగింది. వేళ్ళు ఏమీ అనలేదు. ఊపిరి వదిలి, తెల్లబంతి నెత్తి మీద, పిల్లని నిద్రలేపినట్టు తాకింది.

పింక్ బయల్దేరింది. నడుస్తోంది, పరిగెత్తడం లేదు. అవతలి అంచు వైపే వెళ్తోంది, తప్పు దారిన, అందరూ తప్పిందనుకునేంత తప్పు దారిన. మాజీ కుర్చీలో ముందుకి జరిగాడు. సగం దూరం. ఇంకా అటే. తెల్లబంతి వెనకాలే రెండు మూరలు వచ్చి అలిసిపోయి ఆగింది. జారవే, జారు తల్లీ. అప్పుడు నూగు పలికింది. బంతి తలవంచి, కాస్త, మరికాస్త, ఇటు ఒరిగింది. పాకెట్ నోటి ముందు ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది. పడింది. చిన్న చప్పుడు, వలలో పండు పడ్డట్టు. చిట్టి టేబుల్ వంక చూడలేదు, తెర వైపు చూసింది. నాన్న అలాగే అటు తిరిగి నిలబడి ఉన్నాడు. చంకలోని బ్రష్షు కింద పడింది.

మాజీ నలుపుని వెయ్యనివ్వకుండానే లేచి వచ్చి చెయ్యి కలిపాడు. "చివర్లో అలా తిరుగుతుందని అంత నమ్మకం ఎలా వచ్చిందమ్మా?" అన్నాడు. "గుడ్డ వేసింది మా నాన్న అండీ. ఆయన ఎప్పుడూ తప్పు వెయ్యలేదు," అంది చిట్టి, టీ దగ్గర నవ్విన నలుగురికీ వినిపించేంత గట్టిగా. ఆయన చెయ్యి ఇంకా తడిగానే ఉంది. తల ఊపి, క్యూ విప్పి పెట్టెలో పెట్టుకుని, ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆ భుజాలు తలుపు దాటేదాకా చిట్టి చూస్తూనే ఉంది. తర్వాత ఎవరెవరో వచ్చి భుజం తట్టారు, కాగితాల మీద సంతకాలు గంటలో అన్నారు. హాలు కాస్త ఖాళీ అయింది.

నాన్న ఇస్త్రీ పెట్టె వేడెక్కడానికి పెట్టి, టేబుల్ అంచు తుడుస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఇస్త్రీ ఆవిరి అంటే నమ్మేయవచ్చు. చిట్టి ఎదురుగా నిలబడింది. దారిలో ఎన్నో మాటలు కూర్చుకుంది, ఒక్కటీ మిగల్లేదు.

"నాన్నా. ఆ మూల టేబుల్ బాణం నేనే గీశాను."

"తెలుసు," అన్నాడు నాన్న, తుడుస్తూనే.

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"నీకు పద్నాలుగేళ్ళప్పుడు క్లబ్బు మూసేశారు కదా. ఆ గుడ్డ విప్పింది నేనే. వెనక రెండు బాణాలున్నాయి. ఒకటి నాది. రెండోది బాణం కూడా కాదు, చేపలా ఉంది." నాన్న నవ్వాడు. "అప్పటిదాకా నా చెయ్యే తప్పిందనుకున్నా. చేప చూశాక ఆ రాత్రి హాయిగా నిద్రపోయా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పి? ఉల్టా మేస్త్రి కూతురు కాస్తా ఉల్టా పిల్ల అయ్యేది."

చిట్టికి అడగాల్సింది ఇంకా ఉంది. "నిరుడు నేను అంత మాట అన్నాను కదా నాన్నా. అప్పుడైనా ఇది నీ పనేనే అని అనొచ్చు కదా. ఔనమ్మా అని ఎందుకన్నావు?"

నాన్న గుడ్డముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అప్పుడే ఓడిపోయి వచ్చావు," అన్నాడు. "ఒక్కరోజులో రెండు ఓటములు దేనికిలే అని."

చిట్టి ఏడ్చేసింది, అమ్మ కుట్టిన వెయిస్టుకోటు మీదే కళ్ళూ ముక్కూ తుడుచుకుంది. నాన్న ఇస్త్రీ పెట్టె వేడి చూసుకుంటూ, "జరుగమ్మా, మధ్యాహ్నం ఆటకి టేబుల్ తయారుచెయ్యాలి," అన్నాడు. ఆమె జరగలేదు. కింద పడి ఉన్న బ్రష్షు తీసుకుంది.

"అది అక్కడ పెట్టు. ప్రొఫెషనల్‌వి, చూస్తే నవ్వుతారు."

"ఇంకా సంతకం పెట్టలేదుగా," అంది చిట్టి. అరచేత్తో ఒకసారి నిమిరి చూసుకుని, నూగు వాలిన వైపుకి, నల్లబంతి కొసకి, బ్రష్షు కొట్టడం మొదలుపెట్టింది.